ఉలకదు, పలకదు

పదకొండు రోజులైంది. మొదట్లో సంగతి ఇట్లా ఉంది. ప్రింటర్ ఉంది, తీగ ఉంది, కరెంటు కూడా మా విరూర్‌లో ఉండాల్సినంత ఉంది. కంప్యూటర్‌ను అడిగితే 'ఉన్నది, ఒకటో బస్సులో ఏడో నంబరు పరికరంగా కూర్చున్నది' అని పేరూ వరుసా చెబుతుంది. ప్రింటు నొక్కితే 'పంపాను' అంటుంది. కాసేపాగి 'పూర్తయింది' అని కూడా అంటుంది. కాగితం ఒక్కటే రాదు. అలిగిన కొత్తల్లుడు పీట మీద కూర్చుంటాడు, విస్తరి వేయించుకుంటాడు, నీళ్ళు కూడా చిలకరించుకుంటాడు, ముద్ద మాత్రం ఎత్తడు చూశారా, అదీ వరస.

పక్కింటి తమ్ముడు రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి అడుగుతున్నాడు.

"సారూ, నా సాత్‌బారా ఎల్లిందా?"

"ఎళ్తది. రేపు."

తెలంగాణ వాళ్ళకు పహాణీ ఎట్లనో మహారాష్ట్రలో ఉన్న మాకు సాత్‌బారా అట్ల. ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిపితే ఏడు-పన్నెండు. భూమి ఎవరిదో ఏడు చెబుతుంది, అందులో ఏం పెట్టారో పన్నెండు చెబుతుంది. పక్కింటి తమ్ముడు పెట్టింది పత్తి. ఈసారి సీసీఐ అనే ప్రభుత్వ పత్తి సంస్థ కేంద్రంలో అమ్మాలంటే ముందు కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కించుకోవాలి. అందుకని కంప్యూటర్లో ఉన్న దాన్ని కాగితం మీదికి దింపి, ఊరి భూముల లెక్కలు చూసే తలాఠీ చేత సంతకం పెట్టించి, ఆ కాగితాన్ని మళ్ళీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. దింపడానికి ప్రింటర్, ఎక్కించడానికి స్కానర్. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి, ఆ డబ్బా నా ఇంట్లో ఉంది. పొడవు పింజ పత్తికి 2025-26లో ప్రభుత్వం కట్టిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆయన వాకిట్లో పత్తి కుప్ప, నా బల్ల మీద డబ్బా. రెండూ కదలవు.

మా తాలూకా కేంద్రం రాజూరాకు పోతే పది రూపాయలకు పని అయిపోతుంది కదా అంటారు. ఆ మాట మా ఇంట్లో కూడా అన్నారు. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ బడిలో గురూజీ అనిపించుకున్నవాడు ఒక డబ్బాకు లొంగిపోయి బస్సెక్కుతాడా?

అసలు ఈ గొడవకు మూలం మా వాడు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ నీళ్ళు వదిలింది. పదకొండుకు పోదామంటే నా కంప్యూటర్‌కు ఆ అర్హత లేదంది. ఉద్యోగం నుంచి నేను రిటైరైనప్పుడు కూడా ఇంత మొహమ్మీద చెప్పలేదు. దీపావళికి పుణె నుంచి వచ్చిన మా వాడు ఒక్క పూటలో దాన్ని తుడిచేసి లైనక్స్ ఎక్కించాడు.

"బాపూ, ఇది ఫ్రీ."

"పైసలు లేకుంటె ఎవలు ఇస్తర్రా?"

"ఫ్రీ అంటె ఉచితం కాదు బాపూ. స్వేచ్ఛ."

వాడు పండుగ చేసుకుని పోయాడు. స్వేచ్ఛ ఒక్క నాకే రాలేదని, ప్రింటర్‌కు కూడా వచ్చిందని వాడు రైలెక్కాక తెలిసింది.

తీగ పీకి మళ్ళీ పెట్టడం ఈ లోకంలో మొదటి వైద్యం. పెట్టాను. ఏడో నంబరు పరికరం ఎనిమిదో నంబరు అయింది. మళ్ళీ పీకి పెడితే తొమ్మిది. ఈ యూఎస్‌బీ తీగ 1996లో వచ్చింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడు అజయ్ భట్, బరోడాలో చదువుకున్నవాడు. మన దేశం వాడు చేసింది కదా, ఒకసారికి దూరుతుందనుకుంటే దూరదు. తిప్పితే దూరదు. మళ్ళీ మొదటిలా తిప్పితే దూరుతుంది. ఇది ప్రపంచమంతా ఎరిగిన బాధే, కొత్తగా చెప్పనక్కర్లేదు. నాలుగో రోజుకు నా ప్రింటర్ నలభై మూడో నంబరు పరికరం. బల్ల మీంచి అంగుళం కదలలేదు. పేరు మాత్రం ముప్పై ఆరుసార్లు మారింది.

నాకిది వింతగా అనిపించలేదు. మా తాలూకా కథ కూడా అంతే. రాజూరా తాలూకా హైదరాబాద్ రాజ్యంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956లో తీగ పీకి నాందేడ్ జిల్లాలో పెట్టారు. 1959లో అక్కడ పీకి చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో, పెట్టారు. 1960 మేలో బొంబాయి రాష్ట్రం పోయి మహారాష్ట్ర వచ్చింది. మా ఇంటి గడప కదల్లేదు. ఆ గడప ముందర మా అవ్వ కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. అటు విరూర్ గాడేగావ్ ఉంది కాబట్టి మమ్మల్ని విరూర్ స్టేషన్ అంటారు. ఆ లెక్కన మా పోలీస్ స్టేషన్‌ను విరూర్ స్టేషన్ పోలీస్ స్టేషన్ అనాలి, రైల్వే స్టేషన్‌ను విరూర్ స్టేషన్ స్టేషన్ అనాలి. ఎవరూ అనరు. నాకే ఖాళీ ఎక్కువ.

సరే, లోపలికి పోదాం. లైనక్స్‌లో ప్రింటు పని చూసే పెద్దమనిషి పేరు కప్స్. మైకేల్ స్వీట్ అనే ఆయన రాసి 1999లో విడుదల చేశాడు. యాపిల్ వాళ్ళకు కూడా నచ్చి 2007లో కొనుక్కున్నారు. అది 631వ గుమ్మంలో కూర్చుంటుంది. బ్రౌజర్లో ఆ నంబరు కొడితే తలుపు తీస్తుంది, 'ప్రింటర్ సిద్ధంగా ఉంది' అని ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది. మొదటి మూడు రోజులు ఏది పంపినా 'పూర్తయింది' అని అబద్ధం చెప్పింది. నాలుగో రోజు నుంచి 'ఆగింది' అని నిజం చెప్పడం మొదలుపెట్టింది. మనుషులు కూడా మూడు రోజులే మొహమాటపడతారు.

స్కానర్ పని చూసే ఆయన పేరు సేన్. అంటే మతి ఉన్నవాడు. ఆ అక్షరాలు విప్పితే 'స్కానర్ అందుకోవడం ఇక సులువు' అని అర్థమట. ఆ 'సులువు' అనే మాట దగ్గరే నా రెండు రోజులు పోయాయి. నేను అడిగితే 'స్కానర్లు ఏవీ లేవు' అన్నది. అదే ప్రశ్నకు ముందు 'సుడో' అని ఒక మాట తగిలించి, రహస్యపదం కొట్టి, సర్వాధికారి వేషంలో అడిగితే 'అయ్యో, ఇదిగో ఉంది దొరా' అన్నది. ఒకే మనిషి, ఒకే కుర్చీ, అదే బనీను. వేషం మారింది, స్కానర్ మొలిచింది.

మా వాడికి ఫోన్ చేశాను.

"బాపూ, నువ్వు గ్రూపుల లేవు."

"ఏం గ్రూపురా?"

"స్కానర్‌కు ఒక గ్రూపు, ప్రింటర్‌కు ఒక గ్రూపు ఉంటయ్. అండ్ల నీ పేరు చేర్పియ్యాలె."

"డబ్బా నాదే, పైసలు నావే, కరెంటు బిల్లు నాదే. గ్రూపుల లేనా?"

"లేవు."

వాడికి నవ్వులాట. కులం సర్టిఫికెట్‌కూ, రహివాసీ (నివాస) దాఖలాకూ, పిల్లల నాన్ క్రీమీలేయర్‌కూ రాజూరా తహసీల్ మెట్లెక్కి దిగినవాడిని నేను. ఉన్నావు కనబడుతున్నావు, కానీ ఏ గ్రూపులో ఉన్నావో కాగితం ఏది అంటే దాని రుచి నాకు తెలుసు. అయినా ఇక్కడ ఒక సుఖం ఉంది. ఒక్క వరుస ఆదేశం కొట్టి బయటికి పోయి మళ్ళీ లోపలికి వస్తే గ్రూపులో చేర్చుకుంది. దరఖాస్తులు తీసుకునే సేతు కేంద్రం లేదు, రేపు రమ్మనడం లేదు. ఈ ఒక్క విషయంలో లైనక్స్‌కు దండం.

ఆ సంబరంలో ఏదో ఒకటి స్కాన్ చేద్దామని చూస్తే చేతికి ఏ కాగితమూ దొరకలేదు. ట్రంకుపెట్టె తెరిచి పైన ఉన్న పాత కాగితం ఒకటి తీసి గాజు మీద బోర్లించాను. లైటు ఇటునుంచి అటు పోయింది. తెర మీద బొమ్మ వచ్చింది. ఇక ఆగుతానా, ప్రింటు కూడా నొక్కాను. 'ఆగింది' అన్నది. అక్కడితో దాని సంగతి మరిచిపోయాను.

ఆరో రోజు ప్రింటర్ మొదటిసారి నోరు తెరిచింది. నేను పోయిన జన్మలో చేసిన పుణ్యమంతా ఒక్కటై కాగితం దిగింది. చూస్తే ఒక శాతం గుర్తు, దాని పక్కన ఆశ్చర్యార్థకం, పీఎస్ అని రెండక్షరాలు, ఒక గీత, అడోబీ అనే మాట. మిగిలిన కాగితమంతా తెలుపు. రెండో కాగితం మీద ఇంకో పిచ్చి వరుస. మూడు. నాలుగు. నేను మీటలు నొక్కుతున్నాను, అది ఆగదు. ముప్పై ఎనిమిదో కాగితానికి తీగ పీకాను. కంప్యూటర్ పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో సాత్‌బారా చదివి వినిపిస్తోందట, ప్రింటర్‌కు ఆ భాష రాదట, రాదని ఒప్పుకోకుండా విన్నది విన్నట్టు రాసేసిందట. బడిలో ఇలాంటి పిల్లలు నాకు చాలామంది తెలుసు. వాళ్ళను కొట్టినందుకు ఇప్పుడు బాధగా ఉంది. ఆ ముప్పై ఎనిమిది కాగితాల వెనక్కి మా ఇంటామె కిరాణా చిట్టీ రాసుకుంటోంది, ఉగాది దాకా వస్తాయట.

సరైన డ్రైవర్ వెతికి పెట్టాక ఇంకో వ్యవహారం బయటపడింది. ఈసారి 'పరికరం వేరేవాళ్ళ చేతిలో ఉంది' అన్నది. ఇంట్లో నేను తప్ప ఎవరూ దాన్ని ముట్టరు. విచారిస్తే తేలిందేమంటే, కొత్త కాలం డ్రైవర్ ఒకటి, పాత కాలం డ్రైవర్ ఒకటి, రెండూ లోపల ఉన్నాయి. తీగ పెట్టగానే ఎవరు ముందు లేస్తే వాళ్ళు ప్రింటర్ చేయి పట్టుకుంటారు, రెండోవాడికి ఇవ్వరు. దీన్ని మా వాడు గంటసేపు బొమ్మలు గీసి వివరించబోయాడు. అక్కర్లేదురా అన్నాను. మా తాలూకా నుంచి విడిపోయిన జివతి తాలూకా కొండల మీద 14 ఊళ్ళున్నాయి. మావే అని మహారాష్ట్ర, మావే అని తెలంగాణ. రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు, ఒకే ఊరికి ఇద్దరు సర్పంచులు. ఇటు ఓటు వేస్తారు, అటూ వేస్తారు. పట్టుకున్న చేతులు రెండు, పట్టా కాగితం చేతికిచ్చే చెయ్యి ఏదంటే జనం ముఖాలు చూసుకుంటారు. ఈ యూఎస్‌బీ సమస్య వాళ్ళకు చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇక్కడ కాగితం గురించి ఒక మాట చెప్పాలి. ఒక మాటతో పోదని నాకూ తెలుసు.

ఎనిమిదో రోజు డ్రైవర్లు సర్దుకున్నట్టే ఉన్నాయి, ప్రింటర్ లోపల ఏదో గిర్రున తిరిగింది, అంతలో ఎర్రలైటు వెలిగి మిణుకు మిణుకుమని ఆగింది. ఎర్రలైటు అంటే కాగితం మీద అలక అని అర్థం. కాగితం మీద! మా ఊళ్ళో! మా స్టేషన్లో పట్టాల పక్కన నిలబడి ఉత్తరం దిక్కు చూస్తే బల్లార్షా, దక్షిణం చూస్తే కాగజ్‌నగర్. అటు బల్లార్షా స్టేషన్ ఉన్న బల్లార్‌పూర్‌లో 1945లో మొదలైన కాగితం మిల్లు. ఇటు నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్ మిల్లు, దాని మూలంగా కొత్తపేట అనే ఊరు పేరే మారి కాగజ్‌నగర్ అయింది. 1929లో కాజీపేట లైను బల్లార్షాకు కలిసినప్పటి నుంచి మద్రాసు బండ్లూ ఢిల్లీ బండ్లూ మా మీద దుమ్ము కొట్టుకుంటూ పోతాయి, నడుమ వెదురు బొంగుల లారీలు. రెండు వాగుల నడుమ చేను ఎండిపోయినట్టు, రెండు కాగితం మిల్లుల నడుమ నేను కాగితం కోసం ఏడుస్తున్నాను.

కాగితమంటే నాకు చిన్నప్పటి నుంచి కొంచెం గీర. మా మేనమామ సిర్పూర్ మిల్లులో పనిచేసేవాడు. దసరాకు వచ్చినప్పుడు కోసిన అంచుల కట్ట ఒకటి సంకలో పెట్టుకుని వచ్చేవాడు. అవి కుట్టి మాకు నోటుబుక్కులు. ఒక్కో పుస్తకంలో ఒక్కో వెడల్పు. ఆయన కాగితాన్ని చెవితో చూసేవాడు. మూల పట్టుకుని గాలిలో ఒక్కసారి విదిలిస్తే టప్పుమనాలి. ఎండకు పట్టి చూస్తే లోపల మబ్బులు కనబడకూడదు. కాగితానికి కట్టెకున్నట్టే పోగు ఉంటుంది, పోగు వెంబడి చింపితే గీత గీసినట్టు చిరుగుతుంది, అడ్డంగా చింపితే కుక్క కొరికినట్టు చిరుగుతుంది అని చూపించేవాడు. ముక్క తడిపితే ఏ దిక్కు ముడుచుకుంటుందో చూసి పోగు చెప్పేవాడు. ఆ విద్యంతా గుర్తొచ్చింది. నా ప్రింటర్ ముందర కూర్చుని ఒక్కో కాగితం తీసి విదిలించాను, ఎండకు పట్టాను, చింపాను, తడిపాను. మా ఇంటామె చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా పోయింది. అనకుండా పోవడం మంచి గుర్తు కాదు.

టప్పుమనలేదు, మెత్తగా ఉంది. చెమ్మ పట్టిందన్నమాట. వానలు పోయి నెల కాలేదు కదా. కట్ట మొత్తం డాబా మీదికి తీసుకుపోయి మిరపకాయల పక్కన పరిచాను. ఐదు వందల కాగితాలు, ఒక్కోదాని మీద ఒక్కో కంకర రాయి పెట్టలేక నలభైకి ఒకటి చొప్పున పెట్టాను. పది నిమిషాలకు ఢిల్లీ వైపు పోయే బండి ఏదో మా ఊరు దాటింది. బండి గాలో, దేవుడిచ్చిన గాలో, కాగితాలు లేచాయి. సాయంత్రం దాకా వాడకట్టు పిల్లలు తెచ్చి ఇస్తూనే ఉన్నారు. ఒక మేక కూడా చూసింది వాటిని, తెచ్చి మాత్రం ఇవ్వలేదు.

"మిరపకాయలు ఎండినయ్. మీ కాగితాలు ఎండినయా?" అంది ఇంటామె, అప్పుడు.

ఎన్ని పోయాయో లెక్క తేలాలంటే తూకమే దారి. పక్కింటి తమ్ముడి దగ్గర పత్తి తూచే కాంటా ఉంది. ఏ4 అనే కొలతలో ఒక సొగసు ఉంది. వాల్టర్ పోర్స్ట్‌మాన్ అనే జర్మన్ ఆయన లెక్క కట్టాడు, 1922లో అక్కడ ప్రమాణమైంది. ఏ0 కాగితం సరిగ్గా ఒక చదరపు మీటరు. మడిస్తే ఏ1, మళ్ళీ మడిస్తే ఏ2, ఎన్నిసార్లు మడిచినా పొడవు వెడల్పుల పొందిక మారదు. నాలుగు మడతలకు ఏ4, అంటే చదరపు మీటరులో పదహారో వంతు. చదరపు మీటరు 75 గ్రాములుండే రకం అయితే ఒక్క కాగితం 4.7 గ్రాములకు కాస్త తక్కువ, ఐదు వందలకు 2 కిలోల 340 గ్రాములు. ఇదంతా పక్కింటి తమ్ముడికి చెప్పి కాంటా మీద పెట్టమన్నాను. పత్తి కాంటా కదా, ముల్లు రెండుకూ రెండున్నరకూ నడుమ ఎక్కడో ఊగి నిలబడింది. "పోనియ్యి సారూ, కిలకు ఎంత వడ్తది?" అన్నాడాయన. పోర్స్ట్‌మాన్ విని ఉంటే ఏడ్చేవాడు.

అప్పుడు పుణె నుంచి ఫోన్.

"బాపూ, కాగితం ఖరాబ్ కాలే. సైజు లెటర్ అని పెట్టున్నది సూడు. ఏ4 పెట్టు."

లెటర్ అంటే అమెరికా వాళ్ళ కాగితం. మనదానికంటే ఆరు మిల్లీమీటర్లు వెడల్పు, పద్దెనిమిది మిల్లీమీటర్లు పొట్టి. అది ఇక్కడ అమ్మరు, తయారుచేసినా కొనేవాడు లేడు. రెండు మిల్లుల నడుమ కూర్చున్న నా ప్రింటర్ రెండు రోజులుగా అమెరికా కాగితం కోసం ఎర్రకన్ను చేసిందన్నమాట. మా మేనమామ బతికుంటే దాన్ని కూడా విదిలించేవాడు. 2014లో ఆయన మిల్లు మూతపడింది. 2018లో చేతులు మారి మళ్ళీ తెరుచుకుంది కానీ, ఆయన ఆ నాలుగేళ్ళ నడుమే పోయాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మొత్తం పుట్టిందే ఒక ప్రింటర్ మీద కోపంతో. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ వాళ్ళు ఒక లేజర్ ప్రింటర్ బహుమతిగా ఇచ్చారు. అందులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటర్‌కైతే రిచర్డ్ స్టాల్‌మన్ అనే కుర్రాడు చిన్న మార్పు చేసి పెట్టాడు, కాగితం ఇరుక్కుంటే ఎదురుచూసేవాళ్ళకు కబురు వెళ్ళేది. కొత్తదానికి అలా చేద్దామంటే దాని లోపలి రాత ఇవ్వలేదు. కార్నెగీ మెలన్‌లో ఒకాయన దగ్గర ఉందని విని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానని ఆయన తలుపు మూశాడు. ఆ కోపం 1983లో గ్నూ అనే ప్రాజెక్టు అయింది, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్ దానికి తోడై లైనక్స్ అయింది. ఇవాళ చాలా సర్వర్లు దాని మీదే నడుస్తాయి, జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ దాని మీదే నడుస్తుంది. భగీరథుడు తపస్సు చేసి గంగను దింపాడు, లోకమంతా పారింది, ఆయన పెరటి బావిలో మాత్రం బొక్కెన అడుగు తగిలి టంగుమంది. ఏ ప్రింటర్ కోసం ఇంత జరిగిందో ఆ ప్రింటర్ ఏ4 పెట్టినా ఇంకా నా బల్ల మీద ఎర్రలైటుతో కూర్చుంది.

తప్పు లైనక్స్‌ది కాదని నాకూ తెలుసు. కొత్త ప్రింటర్లు డ్రైవర్ అడగకుండానే దానితో మాట్లాడతాయి. నాది పాతది. దాన్ని తయారుచేసినవాళ్ళు, పేరు చెప్పను, విండోస్‌కు రాసిచ్చి చేతులు దులుపుకున్నారు. ఎవరో ఎక్కడో జీతం లేకుండా రాత్రిళ్ళు మేల్కొని దాని గుట్టు విప్పి మిగతా వాళ్ళకు డ్రైవర్ రాసి పెట్టారు. వాళ్ళను తిట్టబుద్ధి కాదు. అదే నా అసలు బాధ. పైసలిచ్చి కొన్నదైతే ఈ పదకొండు రోజులూ హాయిగా తిట్టుకుంటూ గడిపేవాణ్ణి.

పదో రోజు సాయంత్రం మా వాడు ఫోన్లో ఒక పొడుగాటి ఆదేశం అక్షరం అక్షరం చెప్పి కొట్టించాడు. చుక్క ఎక్కడ, గీత ఎక్కడ, ఖాళీ ఎక్కడ. వాడికి నేను గుణింతాలు ఇంతకంటే ఓపికగా నేర్పాను. ఏమీ జరగలేదు. మిషన్ ఒకసారి ఆపి లేపితే కానీ అది అమలు కాదని వాడు చెప్పడం మరిచాడు. నేను విసిగి అన్నీ అట్లాగే వదిలేసి పడుకున్నాను.

రాత్రి ఎప్పుడో కరెంటు పోయింది. రెండు నలభైకి వచ్చింది. కరెంటు రాగానే తనంతట తానే లేచే అలవాటు మా కంప్యూటర్‌కుంది. కొద్దిసేపటికి ముందు గదిలోంచి గుర్రుమని చప్పుడు. ఇంటామె నన్ను తట్టి లేపింది. "దొంగలు గాదు. మీదే."

లేచి చూస్తే కాగితాలు దిగుతున్నాయి. వారం రోజులుగా 'ఆగింది' అన్న ప్రతిదాన్నీ అది వరుసలో దాచుకుందట. ఒక్కసారి రాకపోతే ఐదుసార్లు నొక్కిన పాపం కూడా అందులో ఉంది. పరీక్ష కాగితాలు పంతొమ్మిది. తమ్ముడి సాత్‌బారా పద్నాలుగు. ట్రే నిండి కిందికి జారుతున్నాయి, నేను నేల మీద కూర్చుని ఏరుతున్నాను. ఆపాలని చెయ్యి పోలేదు. పదకొండు రోజుల తరవాత పలికింది కదా.

ఆ నడుమ ఒకటి వేరేగా దిగింది.

ట్రంకుపెట్టె లోంచి తీసి గాజు మీద పెట్టినది. మా తాత పేరు మీదున్న భూమి కాగితం. మొత్తం ఉర్దూ. పైన గుండ్రని ముద్ర సగం చెరిగింది, తేదీ నిజాం కాలపు ఫస్లీ సంవత్సరమట, కుడి మూలన తాత వేలిముద్ర. ఆయన వేలి గీతలు కూడా స్కానర్ ఒకటీ విడిచిపెట్టకుండా పట్టింది. మా బాపు నిజాం బడిలో ఉర్దూ చదివాడు. వాకిట్లో మంచం మీద కూర్చుని ఈ కాగితం గడగడా చదివేవాడు, ఏ ఒర్రె దాకా మనది, ఏ ఇప్పచెట్టు దాకా మనది అని. మాకు నవ్వు. కుడి నుంచి ఎడమకు చదివే చదువు ఇప్పుడెవడికి కావాలి అనేవాళ్ళం. నేను మరాఠీలో చదివి మరాఠీలో పాఠాలు చెప్పాను. తెలుగు ఇంట్లో మాట్లాడాను, పత్రికలు తెప్పించుకుని పట్టుదలకు చదవడం రాయడం నేర్చుకున్నాను. మా వాడు ఇంగ్లీషులో చదివాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల మంది పిల్లలకు అక్షరాలు దిద్దించానో లెక్క లేదు. ఈ ఒక్క కాగితం ఏమంటుందో బాపు ఉన్నన్నాళ్ళూ కూర్చుని అడగలేదు. ఆ రాత్రి మూడింటికి దాన్ని చేతిలో పట్టుకుని ఏది పైనో ఏది కిందో ముద్రను బట్టి చూసుకున్నాను.

తెల్లారి పక్కింటి తమ్ముడు వచ్చాడు. పద్నాలుగు సాత్‌బారాలు చూసి బెదిరాడు. నాకు భూమి ఒక్కటే ఉన్నది సారూ అన్నాడు. ఒకటి తీసుకున్నాడు. పదకొండు రోజుల కాగితం. దాన్ని నాలుగు మడతలు, మళ్ళీ రెండు మడతలు మడిచి, అంగీ జేబులో పొగాకు ఖర్రా పొట్లం పక్కన కుక్కాడు. పోతూ పోతూ బల్ల మీదున్న ఉర్దూ కాగితం చూసి ఆగాడు. శాతం గుర్తుల కాగితాలు ఆయనకు గుర్తే, మొన్న చిట్టీ వెనక చూశాడు.

"ఇది సుత ఖరాబే అచ్చిందా సారూ?"

"లేదు తమ్మీ. ఇది మంచిగనే అచ్చింది" అన్నాను.